సలహాలు చెప్పే ఉద్యోగం చేద్దామనుకునే వాళ్లకి

ఈ మధ్య ఒక స్టూడెంట్ వచ్చి "సార్, నేను కూడా మీలాగా పిల్లలకి సలహాలు చెప్పే లైన్లో స్థిరపడదామనుకుంటున్నా, ఏం చదవాలి?" అన్నాడు. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే నా 11 ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరైనా సలహా అడగడం అదే మొదటిసారి. కాస్త కంగారుపడి, మా డిపార్ట్‌మెంట్ హెడ్ హెచ్‌ఓడీ గారిని కనుక్కుని చెప్తానన్నా. హెచ్‌ఓడీ గారు ప్రిన్సిపాల్‌ని కనుక్కోమన్నారు. ప్రిన్సిపాల్ గారు, కాలేజీల నాణ్యత తనిఖీ చేసే న్యాక్ వాళ్ల పనిలో ఉన్నారు. అందుకని ఆ అబ్బాయికి చెప్పాల్సింది ఇక్కడ రాసేస్తున్నా.

అమెరికాలో ఇది నిజంగానే ఉద్యోగం నాయనా. అకడమిక్ అడ్వైజర్ అని ఒక మనిషి ఉంటాడు. ఏ సెమిస్టర్లో ఏ కోర్సు తీసుకోవాలి, మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, మార్చుకుంటే ఇప్పటిదాకా చదివిన క్రెడిట్లలో (ఒక్కో కోర్సుకి వచ్చే పాయింట్లు) ఎన్ని పనికొస్తాయి, డిగ్రీ చేతికి రావాలంటే ఇంకా ఏం బాకీ, ఇవన్నీ పిల్లవాడి పక్కన కూర్చుని చూడటమే అతని పని, దానికే జీతం. చాలాచోట్ల మాస్టర్స్ కూడా అడుగుతారు. 1979లో వీళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు, పేరు నకాడా, మన న్యాక్‌కి చుట్టమేం కాదు. మనకంత గొడవ లేదు. పాఠం చెప్పేవాడి చేతిలోనే సోమవారం పొద్దున ఒక సర్క్యులర్ పెట్టి "కింది 20 మందికి మీరు మెంటర్" అంటారు. చదువు అక్కర్లేదు, ఇంటర్వ్యూ అక్కర్లేదు, ఇష్టం అసలే అక్కర్లేదు.

ఈ మెంటర్ పిల్లల కోసం పుట్టాడని కొందరు అమాయకంగా అనుకుంటారు. న్యాక్ వాళ్లు ఒక మెంటర్‌కి ఎంతమంది స్టూడెంట్లు అని అడుగుతారు. నిష్పత్తి అడిగారు కాబట్టి మెంటర్ ఉన్నాడు. మెంటర్‌కి రుజువు కావాలి కాబట్టి రిజిస్టరు ఉంది.

రిజిస్టరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, కెరీర్ మొత్తం అందులోనే ఉంది మరి. గట్టి అట్ట, మీద కాలేజీ లోగో, లోపల ఒక్కొక్కరికి రెండేసి పేజీలు. ఫోటో, తండ్రి వృత్తి, సెల్ నంబరు, మిడ్ మార్కులు, తర్వాత "చర్చించిన విషయం", "తీసుకున్న చర్య", సంతకం. పదిహేను రోజులకోసారి రాయాలి. ఎవరూ రాయరు. రేపు న్యాక్ కమిటీ వస్తోందనగా రాత్రి స్టాఫ్ రూములో టీ తెప్పించుకుని కూర్చుని, మూడు సెమిస్టర్ల సలహాలు ఒకేసారి చెప్పేస్తాం. అనుభవం అక్కరకొచ్చేది ఇక్కడే. కొత్తవాళ్లు ఒకే పెన్నుతో అంతా రాసి దొరికిపోతారు. నేను నాలుగు వాడతా: రెండు నీలం, ఒకటి నలుపు, ఇంకు అయిపోవస్తున్న జెల్ పెన్ను ఒకటి, అది పాత సెమిస్టర్లకి. తేదీలు కూడా చూసుకోవాలి. మా కొలీగ్ ఒకాయన సరిగ్గా వినాయక చవితి నాడు ఒకమ్మాయికి కౌన్సెలింగ్ ఇచ్చినట్టు రాశాడు, ఆ రోజు వాళ్లింటిల్లిపాదీ కాణిపాకం క్యూలో ఉన్నారు. మిగతాదంతా తేలిక. ఈ నెల "సలహా ఇవ్వబడింది", వచ్చే నెల "విద్యార్థి మెరుగుపడ్డాడు". నా చేతుల మీదుగా ఒక్క రాత్రిలో 20 మంది మెరుగుపడ్డారు. అందులో ఇద్దరు అప్పటికే కాలేజీ మానేశారనుకోండి, అది వేరే సంగతి.

తర్వాత ఫోన్ మాట్లాడటం రావాలి. మా జేఎన్‌టీయూ అనంతపురం రూలు ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే ఫీజు కట్టి కండొనేషన్ (మినహాయింపు), 65 కూడా లేకపోతే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు. ఆ ముక్క ఇంట్లో చెప్పాల్సింది మెంటరే. పోయిన సెమిస్టర్లో పలమనేరు దగ్గర ఒక తండ్రికి చేశా, వెనకాల టమాటా వేలం పాట కేకలు. "మీవాడికి 62 వచ్చిందండీ" అన్నా. "అరవై రెండా! పాసే కదా సార్, ఇంకేం కావల్ల?" అని పక్కనున్నాయనకి కూడా చెప్పాడు. అవి మార్కులు కావండీ అనేలోపే "అంతా మీ చలవే సామీ, రేపు ఒక బాక్సు కాయలు పంపిస్తా" అని పెట్టేశాడు. "తండ్రితో మాట్లాడటమైనది. తండ్రి సంతృప్తి వ్యక్తం చేశారు" అని రాశా. మొత్తం రిజిస్టర్లో అక్షరాలా నిజమైన ఎంట్రీ అదొక్కటే. టమాటాలు బాగున్నాయి.

ఇక ప్రమోషన్. తిరుపతిలో ఉన్నాక దానికి దారి కొండ మీద నుంచే. బయటి ఎగ్జామినర్లు, ఇన్‌స్పెక్షన్ వాళ్లు, మేనేజ్‌మెంట్ వారి వియ్యంకులు, అందరికీ బ్రేక్ దర్శనం కావాలి. క్రెడిట్లు లెక్కపెట్టడం వచ్చినవాడు మెంటర్‌గానే రిటైరవుతాడు. సిఫారసు లెటర్ తేగలిగినవాడు డీన్ అవుతాడు.

మరి పిల్లలకి సలహాలు ఎవరు చెప్తున్నారంటావా, మా గేటు ఎదురుగా జిరాక్స్ షాపతను. ఇంటర్ తప్పాడు. రీవాల్యుయేషన్‌కి ఎప్పుడు పెట్టాలి, స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుకి ఆఖరు తేదీ ఎప్పుడు, డిజిలాకర్లో క్రెడిట్లు దాచుకునే ఏబీసీ ఐడీ ఎలా తీయాలి, అన్నీ నోటి మీదే. మొన్న ఒకమ్మాయి మైనర్ డిగ్రీ, అంటే బీటెక్‌తో పాటు ఇంకో బ్రాంచి కోర్సులు కొన్ని, తీసుకోమంటారా వద్దా అని నా దగ్గరికొస్తే "బాగా ఆలోచించుకోమ్మా" అని చెప్పి సంతకం పెట్టించుకున్నా. సాయంత్రం చూస్తే షాపు దగ్గర నిలబడి ఉంది.

"హాస్టలా, బస్సా?" అంటున్నాడతను, మెషీన్లో కాగితాలు సర్దుతూ.

"బస్సన్నా. శ్రీకాళహస్తి."

"ఇంటికి పోయేసరికి?"

"ఏడున్నర."

"బీటెక్‌కే 160 క్రెడిట్లు. దాని మీద ఇంకో 18, 20 అంటే ఎప్పుడు చదువుతావమ్మా, బస్సులోనా? ముందు ఆ సప్లీ ఒకటుందే, అది కొట్టు. హాస్టల్లో చేరితే అప్పుడు చూద్దాం."

ఆ అమ్మాయి తలూపింది. నేను వెనకాల మెంటర్ రిజిస్టరు కొత్త ఫార్మాట్ పట్టుకుని, 20 కాపీల కోసం నిలబడి ఉన్నా. నా వంతు వచ్చింది.

"సార్, సింగిల్ సైడా, బ్యాక్ టు బ్యాకా?"

"ఏది మంచిదంటావు?" అన్నా.