“మన జిల్లాల్లో ఫోటో తీయడానికి ఏటుంది?” అనే ఫార్వర్డ్‌కి జవాబు

ఈ మధ్య ఒకటే మెసేజ్ అన్ని గ్రూపుల్లో తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటది. దాన్లో ఉన్నది ఇదీ: ఫోటోగ్రఫీ సీరియస్‌గా నేర్చుకోవాలంటే లడాఖో కేరళో పోవాలంట, శ్రీకాకుళం విజయనగరాల్లో సైబీరియా పక్షులు తప్ప తీయడానికేం లేదంట, అసలు పల్లెటూరే ఎప్పుడో పోయిందంట, మన ఎండలో ఫోటోలు రావంట, లక్ష రూపాయల కెమెరా లేకపోతే టైం వేస్టంట, ఇంక మనుషుల్ని తీసేటప్పుడు అడక్కూడదంట, అడిగితే నేచురల్‌గా రాదంట. ఎవరు రాశారో గానీ భలే ధీమాగా రాశారు.

ముందు ఆ సైబీరియా సంగతి. టెక్కలి దగ్గర తేలినీలాపురం వచ్చే ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు సైబీరియావి కావు బాబూ. అవి మన దేశంలో, మన చుట్టుపక్కల దేశాల్లో బతికే పక్షులే, ఇక్కడికి గూళ్ళు కట్టుకుని పిల్లల్ని లేపుకోడానికి వస్తాయి. ఆ గూళ్ళు ఎక్కడ కడతాయో చూశారా, ఊళ్ళో ఇళ్ళ మధ్య ఉన్న చింతచెట్ల మీద. ఊరోళ్ళు కూడా పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు వాటిని. మరి మనోళ్ళు వెళ్ళి ఏం తీస్తారు, ఫుల్ జూమ్ పెట్టి ఆకాశంలో ఒక్క పక్షి. అది ఎక్కడ తీసినా అలాగే ఉంటది కదా. నాలుగడుగులు వెనక్కేసి పెంకుటిల్లు, డిష్ యాంటెన్నా, ఆరేసిన చీర, పైన చెట్టు నిండా గూళ్ళు, ఇవన్నీ ఒకే ఫ్రేములో పెట్టండి, అప్పుడది తేలినీలాపురం అవుద్ది.

పక్షులు తప్ప ఏం లేదు అన్నాయన ఖద్దరు నేసే పొందూరు వెళ్ళినట్టు లేడు. అక్కడ ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు, చిన్న చిన్న పళ్ళుంటాయి దానికి, వాటిల్లోంచి దూది ఎలా వస్తుందో చూడాలంటే కిటికీ వెలుతురు చాలు, ఆ చేతులు చాలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణ చేస్తారు. అందరూ తయారైన వీణ ఫోటో పెడతారు గానీ సగం తొలిచిన దుంగ, కింద పొట్టు, ఉలి పట్టుకున్న చెయ్యి, ఇవి తీసినోళ్ళు తక్కువ.

“పల్లెటూరు పోయింది” అన్న పాయింటు దగ్గరే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది. ఈయన దృష్టిలో పల్లె అంటే ఎడ్లబండి, మట్టిగోడ, తలపాగా తాతగారు. ఇవి లేకపోతే పల్లె లేదు. మరి పెద్దపండక్కి ముందు మడిలో దిగిన హార్వెస్టర్ ఏంటి, దాని వెనకాల పరిగె ఏరుకునే ముసలమ్మ ఏంటి, ఉపాధి పని దగ్గర గమేళాలు బోర్లించి నీడకి కూర్చున్న ఆడవాళ్ళు ఏంటి, పండక్కొచ్చి మళ్ళీ హైదరాబాదో చెన్నైయో పోడానికి బ్యాగులేసుకుని రోడ్డు మీద బస్సు కోసం చూసే కుర్రోళ్ళు ఏంటి? మన జిల్లాల నుంచి వలసలు ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయో అందరికీ తెలుసు, ఆ బస్టాండు ఫోటోలు ఎవరి దగ్గరున్నాయి చెప్పండి. విజయనగరం వైపు గోగు కట్టలు చెరువులో ఊరేసి, నీళ్ళలో నిలబడి నార తీస్తారు, ఆ సాగు ఇప్పుడు బాగా తగ్గిపోయింది, ఇంకా కనపడుతున్నప్పుడే తీసుకోవాలి కదా.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. పడిపోయిన చెట్ల ఫోటోలు బోలెడు. అంతకు ముందు అదే తోట కింద మామూలుగా కాయలు వలుస్తున్న ఫోటో కావాలంటే ఎంతమంది దగ్గర దొరుకుద్ది? బరోడాలో జ్యోతి భట్ అనే చిత్రకారుడు 1960ల చివరి నుంచి గుజరాత్ పల్లెల్లో గోడల మీద, నేల మీద వేసే బొమ్మలు ఫోటోలు తీశారు, అవి పోతున్నాయని తెలిసే తీశారు, పోయాయి కాబట్టి తీయనని కూర్చోలేదు.

ఎండ సంగతి. ఇందులో సగం నిజముంది, ఒప్పుకోవాలి. మే రెండో వారంలో, మళ్ళీ జూలై ఆఖర్లో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తినుంటాడు, కళ్ళ కింద నల్లటి నీడలు పడతాయి, ఆ టైంలో ముఖాలు బాగా రావు. అయితే మధ్యాహ్నం తీయకండి! చూరు కిందకో చింతచెట్టు నీడకో రమ్మనండి. ఇంకోటి, హైదరాబాద్ వాళ్ళ టైం చూసి పొద్దున్న వెలుతురు లెక్కేసుకోకండి, మనకి సుమారు ఇరవై నిమిషాలు ముందే తెల్లారుద్ది, సాయంత్రం కూడా అంతే ముందు. కళింగపట్నంలో గానీ బారువలో గానీ సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దున్న సముద్రం వైపు తిరిగితే పడవలు, మనుషులు నల్లటి ఆకారాల్లాగే వస్తారు. వల లాగే వాళ్ళ ముఖాలు, చేపల రంగు కావాలంటే సూర్యుణ్ణి మీ వీపు వెనక పెట్టుకోండి, పొద్దున్నైతే నీళ్ళ అంచున నిలబడి ఒడ్డు వైపు తిరిగి తీయాలి, సాయంత్రమైతే ఒడ్డు మీంచి సముద్రం వైపు. లడాఖ్‌లో ఐనా ఈ లెక్కే.

కెమెరా గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. దగ్గరికెళ్ళి తీస్తే ముక్కు పెద్దదిగా వస్తది, రెండడుగులు వెనక్కొచ్చి రెండింతల జూమ్ పెట్టండి. వెనకదంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ గడ్డివాము దగ్గర వాడకండి, గడ్డిపరకల అంచులన్నీ పిండి చేసేస్తది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గిపోయి అంతా మసక.

ఇంక చివరిది, అడక్కుండా తీయమనడం. అడిగితే మొదట రెండు మూడు ఫోటోలకి బిగుసుకుపోతారు, నిజమే, తర్వాత వాళ్ళ పని వాళ్ళకుంటది, మిమ్మల్ని మర్చిపోతారు, అప్పుడు తీయండి. తీశాక ఓ ప్రింటు ఇవ్వండి, రెండోసారి వెళ్తే టీ ఇస్తారు, ఎవరింట్లో ఏం జరుగుతుందో వాళ్ళే చెప్తారు, మంచి ఫోటోలు అక్కడ మొదలవుతాయి. సీతంపేట ఏజెన్సీలో సవర గిరిజనుల ఇళ్ళ గోడ మీద బొమ్మలు పూజతో ముడిపడినవి, టూరిస్టు బ్యాక్‌గ్రౌండ్ కాదు, ఇంటి పెద్దని అడిగి వద్దంటే ఊరుకోవాలి. చెరువు దగ్గర స్నానాలు చేసేవాళ్ళని దూరం నుంచి జూమ్‌లో తీసి “పల్లె అందాలు” అని పెట్టేవాళ్ళని నేను చూశాను, వాళ్ళింటి ఆడవాళ్ళ ఫోటో అలా పెడితే ఊరుకుంటారా? మిగతా పాయింట్లు నమ్మితే పోయేది మీ ఫోటోలే, ఈ ఒక్కటి మాత్రం ఫార్వర్డ్ చేసేముందు దయచేసి తీసేయండి.