రోహిణి కార్తెకి కూడా కరగని సంచి

నెల్లూరులో మలై కాజా కొంటే షాపాయన పచ్చ సంచిలో పెట్టిచ్చాడు. దాని మీద ఆకు బొమ్మ, కింద "నేను ప్లాస్టిక్‌ని కాదు, మొక్కజొన్నని" అని స్వీయ పరిచయం. 180 రోజుల్లో మట్టిలో కలిసిపోతుందట. 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులకి 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఇలా మట్టిలో కలిసే సంచులకి మాత్రం మినహాయింపు.

పెద్దమనిషి మాట కదా, నమ్మాను. సంక్రాంతి వెళ్లాక పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన జానెడు గొయ్యి తీసి, సకల మర్యాదలతో పూడ్చాను. మా ఆవిడ కిటికీలోంచి "పెద్దకర్మ ఎప్పుడండీ?" అనడిగింది. క్యాలెండర్లో తేదీ రాసుకున్నాను. రోహిణి కార్తెలో రోళ్లు పగిలాయి, తర్వాత రెండు జల్లులూ పడ్డాయి. 181వ రోజు గునపం పట్టాను. ఎదురింటాయన, పాలబ్బాయి, ఒక వీధికుక్క సాక్షులు. సంచి బయటికొచ్చింది. దులిపితే పెళ్లికొడుకులా మెరుస్తోంది. "ప్లాస్టిక్‌ని కాదు" అన్న మాటలో ఒక్క ఒత్తు కూడా చెరగలేదు. కుక్క వాసన చూసి, కాజా లేదని నిర్ధారించుకుని వెళ్లిపోయింది. పాలబ్బాయి మాత్రం "సార్, పారేసేదైతే నాకివ్వండి, ప్యాకెట్లకి పనికొస్తది" అన్నాడు.

తప్పు సంచిది కాదట, నా పెరడుదట. ఇలాంటి వాటిల్లో కలిపే పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌ని మొక్కజొన్న పిండిని పులియబెట్టే చేస్తారు, అబద్ధం కాదు. కానీ అది చివకాలంటే రోజుల తరబడి 58 డిగ్రీల వేడి నిలబెట్టే కంపోస్టు యూనిట్ ఉండాలి. మన ఎండ 45 దగ్గర అలిసిపోతుంది. మిగతా 13 డిగ్రీలకి సూర్యుడికి అర్జీ పెట్టుకోవాలి. బ్రెజిల్‌లోనైతే 2010 నుంచి చెరకు ఇథనాల్‌తోనే పాలిథీన్ చేస్తున్నారు. ముడిచమురు మిగులుతుంది, మంచిదే. కానీ అదీ పాలిథీనే. నెల్లూరు జాఫర్ సాహెబ్ కాలువకి సంచి అడ్డం పడ్డాక, నీ తాత బ్రెజిల్ చెరకా, రేపు రామాయపట్నానికి రాబోయే రిఫైనరీలో ముడిచమురు నుంచి తీసే నాఫ్తానా అని నీళ్లు అడగవు.

ఉదయగిరిలో కొయ్య చెక్కి చెంచాలు, గరిటెలు చేసేవాళ్లున్నారు. వాటికి 58 డిగ్రీలు అక్కర్లేదు, చెదలు చాలు. పచ్చ సంచికి మారుమాట్లాడకుండా డబ్బులిచ్చే మనం ఆ చెంచా దగ్గర కూర్చుని బేరమాడతాం. చేతులు కాయలు కాసేలా చెక్కినవాళ్ల కూలి తెగ్గోసి భూగోళాన్ని ఉద్ధరిస్తామా? సిగ్గుండాలి! నేనూ ఆడాను, రెండు గరిటెల మీద ఇరవై రూపాయలు తగ్గించేదాకా వదల్లేదు.

సంచిని కడిగి షాపాయన ముందు పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "అది పాత స్టాక్ సార్. కొత్తది 90 రోజులే" అన్నాడు.