తలుపు లేని ఇల్లు గీస్తే పిల్లకి జబ్బున్నట్టేనా?

మా టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. సారాంశం ఇది: పిల్లల బొమ్మ చూస్తే మనసులో ఏముందో చెప్పేయొచ్చు. నలుపు ఎక్కువ వాడితే డిప్రెషన్, ఇంటికి తలుపు లేకపోతే భయం, మనిషికి కళ్లు పెద్దవిగా వేస్తే అనుమానం. 45 నిమిషాలు బొమ్మ వేస్తే స్ట్రెస్ హార్మోన్ 75 శాతం పడిపోతుందని అమెరికాలో తేల్చారు. కాబట్టి డ్రాయింగ్ మాస్టారికి రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తే ప్రతి బడిలో ఆర్ట్ థెరపీ (బొమ్మలు వేయిస్తూ మనసుకి చేసే చికిత్స) నడుస్తుంది, కౌన్సెలర్ దండగ. టీచర్లకి తలా ఒక మండలా (ముగ్గులాంటి గుండ్రటి డిజైన్ల) కలరింగ్ పుస్తకం ఇస్తే సరి.

నేను 18 ఏళ్లుగా డ్రాయింగ్ మాస్టారినే. నా ఉద్యోగానికి ఇంత గొప్ప కట్టబెడుతుంటే కాదనడానికి మనసొప్పదు. కానీ కాదనక తప్పదు.

ముందు ఈ బొమ్మల జోస్యం సంగతి. పోయినేడు ఏడో తరగతి పిల్ల ఒకతె ఇల్లు గీసింది. రెండు కిటికీలు, డాబా మీద ఆరేసిన బట్టలు, గోడకి కరెంటు మీటరు కూడా వేసింది. తలుపు లేదు. "తలుపేదమ్మా?" అన్నాను. "ఇది రోడ్డు వైపు గోడ సార్. మా పోర్షన్‌కి తలుపు వెనక సందులో ఉంటుంది" అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూసి. మెసేజ్ నమ్మి ఉంటే ఆ పిల్ల పేరు పక్కన 'భయం' అని రాసుకునేవాణ్ని.

కళ్ల మాట ఇంకా పాతది. 1967లో చాప్‌మన్ దంపతులు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. మనుషుల బొమ్మల కింద రకరకాల లక్షణాలు రాసి విద్యార్థులకి చూపించారు. బొమ్మకీ లక్షణానికీ ఏ సంబంధమూ ఉండకుండా ముందే జాగ్రత్తపడ్డారు. అయినా విద్యార్థులు 'అనుమానం మనుషులు కళ్లు తేడాగా వేస్తున్నారు' అని కనిపెట్టేశారు! అనుమానం అనగానే మనకి చూపు గుర్తొస్తుంది, అంతే. ఆ సంబంధం బొమ్మలో లేదు, చూసేవాడి బుర్రలో ఉంది.

అలాగని పట్టించుకోవద్దని కాదు. రోజూ గలగలలాడే పిల్లవాడు ఉన్నట్టుండి ముడుచుకుపోతే, బొమ్మలూ మారిపోతే, పక్కన కూర్చుని అడగాలి. పిల్లని ఎవరైనా లైంగికంగా వేధిస్తున్నారన్న అనుమానం గట్టిగా ఉంటే, పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. రంగులకి అర్థాలు వెతుక్కుంటూ కూర్చోవడం కాదు, బొమ్మని గ్రూపులో పెట్టడం అసలే కాదు.

ఇక 75 శాతం. ఆ అధ్యయనం ఉన్న మాట నిజమే. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించారు. 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాల పాటు బంకమట్టితోనో మార్కర్లతోనో కొలాజ్‌తోనో ఏదో ఒకటి చేశారు. వాళ్లలో సుమారు 75 శాతం మందికి కార్టిసాల్, అంటే ఆ స్ట్రెస్ హార్మోన్, ఎంతో కొంత తగ్గింది. అంతేగానీ కార్టిసాలే 75 శాతం తగ్గలేదు. బడి పిల్లలు అందులో లేరు. పోల్చి చూడ్డానికి బొమ్మలు వేయని మరో గుంపూ లేదు. ఈ మెసేజ్‌ని లెక్కల మాస్టార్లు కూడా ఫార్వర్డ్ చేశారు, అదీ నా బాధ.

రెండు రోజుల ట్రైనింగ్ దగ్గరికొస్తే, డ్రాయింగ్ టీచర్లకి ఈ చరిత్రలో చోటు లేదనను. ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన తెరెజిన్ ఘెట్టోలో పిల్లలకి బొమ్మలు నేర్పింది. 1944లో ఆమెని ఆష్విట్జ్‌లో చంపేశారు. సూట్‌కేసుల్లో దాచిన ఆ పిల్లల బొమ్మలు సుమారు 4,500 మిగిలాయి. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రామర్ తర్వాత అమెరికాలో పిల్లల ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్లలో ఒకరైంది. అయితే అక్కణ్నుంచి అదొక వృత్తిగా ఎదిగింది. బ్రిటన్‌లో ఈ రోజు పీజీ స్థాయి చదువు, రిజిస్ట్రేషన్ లేకుండా ఆర్ట్ థెరపిస్టునని చెప్పుకోవడం చట్టవిరుద్ధం.

నా పిరియడ్‌లో జరిగేది వేరు. పిల్లలు ఎక్కువ, టైము తక్కువ. షేడింగ్ దిద్దుతాను, మార్కులు వేస్తాను, బాగున్న బొమ్మ గోడకి అంటిస్తాను. థెరపీలో మార్కులుండవు, బొమ్మ గోడెక్కదు, ఫైల్లో భద్రంగా ఉంటుంది. దానికి అర్థం పిల్లే చెబుతుంది, చెప్పాలనిపించినప్పుడు. వారం వారం అదే వేళకి అదే మనిషి ఎదురుగా ఉండాలి. పొద్దున హోంవర్కు చేయలేదని కసిరిన నాకే మధ్యాహ్నం మనసు విప్పమంటే ఏ పిల్ల విప్పుతుంది?

కౌన్సెలర్ దండగన్నవాళ్లు సుప్రీంకోర్టు 2025 జూలైలో ఏం చెప్పిందో చూడాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి మరణం కేసులో ఇచ్చిన తీర్పు అది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది.

మిగిలింది మండలా పుస్తకం. రంగులు వేస్తే కాసేపు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ మా స్టాఫ్‌రూమ్ అలసట రంగుల్లేక వచ్చింది కాదు. ఖాళీ పోస్టుల పిరియడ్లు మేమే తీసుకోవడం, మధ్యాహ్న భోజనం ఫోటోలు యాప్‌లో ఎక్కించడం వల్ల వచ్చింది. పుస్తకం మాట వినగానే మా హిందీ మేడమ్ అడిగింది: "రంగులేశాక దాని ఫోటో కూడా అప్‌లోడ్ చేయాలా మాస్టారూ?"