రీసెర్చ్ స్టూడెంట్స్ స్టైపెండ్ నెలనెలా పడాలి

మెథోట్రెక్సేట్ అంటే ఏంటో పిల్లల క్యాన్సర్ వార్డులో కొన్నాళ్లు తిరిగిన ఏ అమ్మనడిగినా చెప్పేస్తుంది. వారానికి ఒక్కసారే వేయాల్సిన మాత్ర, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకొస్తుంది, అందుకే గోడ మీద క్యాలెండర్‌లో టిక్కులు పెట్టుకుంటారు. అదే మందు పసుపుగా సిరంజిలోకి ఎక్కించి బిడ్డ వెన్నులోకి కూడా ఇస్తారు.

దీని వెనకాల ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన క్యాన్సర్ కోసం బయల్దేరలేదు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే, తిన్నది ఒంటికి పట్టనివ్వని పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు, ఆ జబ్బు ఈయన్నీ పట్టుకుంది, బతికి బయటపడ్డారు. 1923లో మామగారి డబ్బు సాయంతో బోస్టన్ వెళ్లి, పగలు హార్వర్డ్‌లో చదువుకుంటూ రాత్రిళ్లు హాస్పిటల్లో పోర్టర్ పని చేసి నెట్టుకొచ్చారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, టెస్ట్ ట్యూబ్‌లో నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్ట్ మాత్రం రాలేదు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు.

అక్కడ ఆయన టీం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారుచేసింది, అది స్ప్రూకి పనికొచ్చింది. అదే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ఫోలిక్ యాసిడ్ జాతి మందుల్ని లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకి ఇస్తే జబ్బు ఇంకా ఎగదోసినట్టు అనిపించింది, మరైతే దాన్ని అడ్డుకునే మందు ఇస్తే ఏమవుతుంది అనుకున్నారు, ఆ మందు, అమినోప్టెరిన్, సుబ్బారావు టీం నుంచే వెళ్లింది. 1948 జూన్‌లో రిజల్ట్స్ అచ్చయ్యాయి: 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. కొన్ని నెలలే, జబ్బు మళ్లీ తిరగబెట్టింది, కానీ అప్పటిదాకా ఆ కొన్ని నెలలు కూడా ఎవరూ ఇవ్వలేకపోయారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్లకి పోయారు. అమినోప్టెరిన్ తమ్ముడే ఇప్పటి మెథోట్రెక్సేట్.

1925లో ఏ కమిటీ అయినా ఆయన్ని కూర్చోబెట్టి నీ ఫాస్ఫరస్ వల్ల పిల్లలకేం లాభం అని అడిగుంటే చెప్పడానికి ఏం ఉండేది కాదు. ఇప్పుడు మన రీసెర్చ్ స్టూడెంట్స్‌ని అదే అడుగుతున్నాం, పైగా జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలని కాగితం మీద రాసి చాలాచోట్ల నెలల తరబడి వేయట్లేదు. ఇరవై ఏడేళ్ల మనిషి హాస్టల్ మెస్ బిల్లుకి నాన్నని అడగాల్సి వస్తే ల్యాబ్‌లో మనసు నిలుస్తుందా?

డబ్బున్న దేశాల్లో ఈ లుకేమియా వచ్చిన పిల్లల్లో పదిలో తొమ్మిది మంది దాకా బతుకుతున్నారు. మన దగ్గర అంత లేదు, ట్రీట్‌మెంట్ మధ్యలో డబ్బుల్లేక, ఊరు దూరమై ఆపేసేవాళ్లున్నారు, ఇన్ఫెక్షన్లకి పోయేవాళ్లున్నారు. వీటి మీద ఇక్కడి స్టూడెంట్స్ ఇక్కడి వార్డుల్లోనే పని చేయాలి. ఫెలోషిప్ లేటైతే యూనివర్సిటీ ముందు తన ఫండ్‌లోంచి ఇచ్చేసి తర్వాత ఆ డబ్బు పంపాల్సిన ఢిల్లీతో లెక్క చూసుకోవాలి, ఈ మాత్రం రూలు రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ ఏడాదే పెట్టాలని మేం అడుగుతున్నాం.