చట్నీలో సిమ్ము

మనవాడు అంటే ఎవరని అడక్కండి. ఇవాళ పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ బండి ముందు నిలబడ్డాడు. రెండు ప్లేట్ల ఇడ్లీ కడుపులో ఉంది, ఫోను చేతిలో ఉంది, సిమ్ము చొక్కా జేబులో ఉంది. సిమ్ము జేబులోకి ఎందుకొచ్చిందంటే, టిక్‌టాక్ వల్ల.

2020 జూన్ 29న కేంద్రం ఐటీ చట్టం 69ఏ కింద (యాప్‌లూ సైట్లూ ఆపించే సెక్షన్ అది) టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లు ఆపేసింది. డాన్సుల సంగతి సరే, మార్కుల మెమో స్కాన్ చేసుకునే క్యామ్‌స్కానర్ కూడా పోయింది. ఇంట్లోకి దొంగ వచ్చాడని చీపురుని కూడా బయట పారేసినట్టు. మనవాడి డ్యూయెట్ వీడియో ఒకటి టిక్‌టాక్‌లోనే ఉండిపోయింది. 2025 ఆగస్టులో టిక్‌టాక్ వెబ్‌సైట్ మొదటి పేజీ కొందరికి తెరుచుకుంది. నిషేధం ఎత్తలేదని కేంద్రం వెంటనే చెప్పింది. మనవాడు మొదటి ముక్క మాత్రమే విన్నాడు.

వేరే దేశంలో ఉన్నట్టు చూపించే ఉచిత వీపీఎన్ వేసి సింగపూర్ పెట్టాడు. తెరుచుకోలేదు. వీపీఎన్ మార్చేది ఐపీ చిరునామానే, అంటే నెట్టులో ఫోను అడ్రసు. సిమ్ము మీద దేశం కోడ్ వేరే ఉంటుంది, మనకది 404 లేదా 405. మనిషి సింగపూర్‌లో ఉన్నానంటున్నా సిమ్ము మాత్రం సత్తెనపల్లి అనే చెబుతుంది. సరే, సిమ్మే తీసేశాడు. పిన్నీసు మొదట మైకు రంధ్రంలో గుచ్చాడు, కొన్ని ఫోన్లలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి మరి. డ్యూయెట్ కనపడలేదు. ఆకలేసింది.

ఇక బండి దగ్గర. 60 రూపాయలు. సిమ్ము లేదు కాబట్టి నెట్టు లేదు. పక్కాయన హాట్‌స్పాట్ ఇచ్చాడు. యూపీఐ యాప్ తెరిస్తే, రిజిస్టరైన సిమ్ము ఫోన్లో లేదంది. పిన్నీసు ఇంట్లో ఉండిపోయింది. బండావిడ గాజుకున్న పిన్నీసు తీసిచ్చింది. ట్రే బయటికొచ్చింది. సిమ్ము దాన్లో పెట్టబోతే జారి, పల్లీ చట్నీ బకెట్లో పడింది.

నానో సిమ్ము 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు. కరివేపాకు ముక్క కూడా దాదాపు అంతే. గరిటె పెట్టి తిప్పిన ప్రతిసారీ ఏదో పైకి తేలుతుంది, అది కరివేపాకే అవుతుంది. వెనక లైన్లో పదిమంది. ఎవరూ చట్నీ వద్దనలేదు, అది వేరే సంగతి. ఐదో గరిటెకి దొరికింది, ఒక ఆవగింజతో సహా.

“ఏమైంది సార్, ఫోన్లోంచి సిమ్ము ఎందుకు తీశారు?” అన్నాడు బండాయన. 69ఏ రూల్స్‌లో పదహారోది, ఈ ఫిర్యాదులూ చర్యలూ గోప్యంగా ఉంచాలంటుంది. ఆపినవాళ్ళకు ఆ సౌకర్యం ఉంది. మనవాడూ పదహారో రూలే పాటించాడు.

తుడిచి పెట్టాక యాప్ మళ్ళీ మొదట్నించి రిజిస్టర్ కమ్మంది. ఎస్సెమ్మెస్ ఆ సిమ్ము నుంచే వెళ్ళాలి. వెళ్ళింది. అయినా పేమెంట్ ఫెయిల్, రెండోసారీ ఫెయిల్. వీపీఎన్ ఇంకా సింగపూర్‌లోనే ఉందన్న సంగతి అప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

“రేపిద్దురు లెండి” అంది బండావిడ, చట్నీ బకెట్ మూత పెడుతూ.

లైన్లో ఓ కుర్రాడు మొదట్నించీ రీల్ తీస్తూనే ఉన్నాడు. అది అమెరికా వాళ్ళ యాప్, శుభ్రంగా తెరుచుకుంటుంది.