అర మిల్లీసెకనులో ఎవరి వంతు?

బెంగళూరు మారతహళ్లిలో మొబైల్ టవర్ల బేస్ స్టేషన్ సాఫ్ట్‌వేర్ రాసే ఇద్దరు తెలుగువాళ్ల వాదన ఇది. సెల్‌లో, అంటే ఒక బేస్ స్టేషన్ సిగ్నల్ అందే పరిధిలో, ఉన్న ఫోన్లకు రేడియో వనరులు పంచే షెడ్యూలర్‌ను మెషిన్ లెర్నింగ్ చేతికి ఇవ్వాలా వద్దా అన్నదే తగువు.

తమ్ముడు: ఇంకెన్నాళ్లు అక్కా, ఈ ప్రపోర్షనల్ ఫెయిర్ ఫార్ములా పట్టుకుని వేలాడతాం? ఫోన్‌కు ఇప్పుడు ఎంత వేగం ఇవ్వగలమో చూసి, ఇప్పటిదాకా అందిన సగటుతో భాగించి, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లకు ఇచ్చేయడం. అవతలివాడు వీడియో కాల్‌లో ఉన్నాడా, సినిమా దించుకుంటున్నాడా అని ఆ లెక్క అడగదు.

అక్క: అందుకేగా విడిగా ప్రాధాన్యాలు పెట్టింది.

తమ్ముడు: ఆ అంకెలు పెట్టిందెవరు? మనమే, చేత్తో. సగటు ఎంతసేపటి మీద తీయాలన్నదీ మనం పెట్టిందే. సోమవారం పొద్దున వైట్‌ఫీల్డ్‌లోనూ అదే, మ్యాచ్ రాత్రి చిన్నస్వామి స్టేడియం దగ్గరా అదే. ఒకసారి పెట్టాక మళ్లీ ఎవరు ముట్టుకున్నారు?

అక్క: అది నిజం. కాదనను.

తమ్ముడు: ఇంకోటి. ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులో వెళ్లే ఫోన్ చెప్పే సిగ్నల్ కబురు మన దగ్గరికి వచ్చేసరికే పాతబడుతుంది. మోడల్ అయితే రాబోయేది అంచనా వేస్తుంది. టైమ్ చాలదనకండి, చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కు అర మిల్లీసెకను చాలు.

అక్క: టైమ్ గురించి నాకు టెన్షన్ లేదు. 5జీలో సబ్‌క్యారియర్ల మధ్య ఎడం 30 కిలోహెర్ట్జ్ అయితే సెకనుకు 2000 స్లాట్లు, అంటే పంపకం జరిగే అర మిల్లీసెకను ముక్కలు; 100 మెగాహెర్ట్జ్‌లో 273 రిసోర్స్ బ్లాకులు, అంటే పంచిపెట్టే ఫ్రీక్వెన్సీ ముక్కలు. అవి ఎవరికి పోతున్నాయన్నదే నా బాధ. కిటికీ పక్క ఫోన్ సిగ్నల్ నాణ్యత 14 అని చెబుతుంది, సెల్లార్‌లో ఉన్న వాచ్‌మన్ ఫోన్ 2 అని చెబుతుంది. మొత్తం వేగం పెంచితే మార్కులు వేస్తానని మోడల్‌కు నేర్పావనుకో, వాచ్‌మన్‌ను కూరలో కరివేపాకులా తీసి పడేస్తుంది. నా ఫార్ములాలో అతను ఆగేకొద్దీ సగటు పడిపోతుంది, నిష్పత్తి పెరుగుతుంది, వంతు వచ్చి తీరుతుంది. అది కాగితం మీద రాసి చూపించగలను. న్యాయానికీ మార్కులు వేస్తానంటావు. ఎన్ని? అదీ చేత్తో పెట్టే అంకే కదా! పైగా నీ మోడల్ సిమ్యులేటర్‌లో చదువుకుంది. ఫీల్డ్‌లో నేర్చుకుంటూ అది వేసే ప్రతి తప్పు అంచనా ఎవరో ఒకరి కాల్ మీద పడుతుంది.

తమ్ముడు: సెల్లార్‌లో సిగ్నల్ లేకపోవడం షెడ్యూలర్ తప్పా? పైన యాంటెన్నా పెడతామంటే రేడియేషన్ అని అపార్ట్‌మెంట్ వాళ్లు గొడవ. మళ్లీ సిగ్నల్ లేదని వాళ్లే గొడవ!

అక్క: వాళ్ల మీద పడతావేం? 2012లో మన దేశంలో టవర్ రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారని వాళ్లకు ఓపిగ్గా చెప్పిందెవరు?

తమ్ముడు: చెప్పినా వినరు.

అక్క: సరే, వదిలెయ్. ఓ-ర్యాన్‌లో, అంటే వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేలా చేసే ఓపెన్ రేడియో నెట్‌వర్క్ పద్ధతిలో, 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను దాకా తీసుకునే నిర్ణయాలకు వేరే కంట్రోలర్ ఉంది. నీ మోడల్‌ను అక్కడ కూర్చోబెట్టు. సగటు విండో, ప్రాధాన్యాల అంకెలు ఎప్పటికప్పుడు అది మార్చనీ. స్లాట్‌లో పంపకం మాత్రం ఫార్ములాదే.

తమ్ముడు: అట్టడుగు 5 శాతం ఫోన్ల వేగం కూడా మోడల్ పంపకంలోనే మెరుగని చూపిస్తే?

అక్క: చూపించు. అప్పుడు ఒక్క సెల్‌లో పెడదాం. ఫార్ములా పక్కనే నడుస్తుండాలి. ఆ 5 శాతం పడిపోయిందంటే, మనం లాగ్ తెరిచేదాకా ఆగకుండా పంపకం తిరిగి దాని చేతికి పోవాలి.

తమ్ముడు: ఎంత పడితే పోవాలి? ఆ గీత కూడా ఎవరో చేత్తో గీయాల్సిందే కదక్కా.

అక్క: గీద్దాం. కానీ ఆ గీత ఆపరేటర్‌కు ముందే చూపించి గీద్దాం.