సవరణ: ‘ఆరు గంటల’ గురించి నేను రాసింది సరికాదు

విశాఖలో ఆర్థో (ఎముకల వైద్యం) పీజీ మొదటి ఏడాది డ్యూటీల గురించి పోయిన వారం రాస్తూ, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిన దెబ్బకి ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరక్కపోతే చీము పట్టడం ఖాయమన్నాను. అది తప్పు. పాడేరు నుంచి ఒకాయన "మా తమ్ముణ్ని ఘాట్ రోడ్డు దింపి వైజాగ్ తెచ్చేసరికే ఏడు గంటలైంది, కాలు పోయినట్టేనా బాబూ?" అని అడిగారు. చదివి మనసు చివుక్కుమంది.

ఆరు గంటల లెక్క పాతది. ఇప్పుడు మాకు నేర్పేది వేరు. అన్నిటికంటే ముందు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి, వీలైతే గంటలోపే. తర్వాత టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్), గాయం మీద సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ, కాలు కదలకుండా స్ప్లింట్. ఆపరేషన్ థియేటర్లో గాయం కడిగి చచ్చిన కండ తీసేయడం చాలామందికి 24 గంటల్లోపు జరిగితే సరిపోతుంది. అయితే పొలం మట్టి, పేడ, మురుగునీళ్లు పడ్డ గాయమైనా, పాదానికి రక్తం ఆడకపోయినా ఆగడానికి లేదు, వెంటనే థియేటర్‌కే.

కాబట్టి ఆరు దాటిందని ఎవరూ ఆశ వదులుకోవద్దు, దయచేసి. దారిలో ఏ సర్కారీ ఆసుపత్రి ఉన్నా ఆ మొదటి ఇంజెక్షన్ అక్కడే వేయించండి.

ఇంకోటి: పీజీలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాల్సింది ఆరు నెలలని రాశాను. మూడు నెలలే.